కృతజ్ఞతా క్షమాపణ శబ్దముల చరిత్ర

ఒకరికొకరు మేలు చేసికొనుటయుఁ గీడు చేసికొనుటయు నన్ని దేశముల జనులకును సామాన్యము. మేలు పొందినవాఁడు ఆ సంగతిని నోటితో నెట్లు చెప్పును, తప్పు చేసినవాఁడు దాని నెట్లు చెప్పుకొనును అనునది మాత్రము భాషను బట్టియు, ఆ భాష నాడు జనుల యాచారమును బట్టియు మాఱుచుండును. "థాంక్సు", "సారీ" అను రెండు మాటలు నేఁడు తెలుఁగునాటఁ బల్లెలయందుఁ గూడ వినఁబడుచున్నవి. వీనికి సరియైన మాటలు పూర్వము నిత్యవ్యవహారమున లేకుండుటఁ జూచి, భారతీయులకుఁ గృతజ్ఞత యను గుణమే లేదని పాశ్చాత్యులలోఁ గొందఱు తలఁచిరి. దీనికిఁ బ్రతిగా ఈ దేశీయులలోఁ గొందఱు, నోటఁ జెప్పుట పైపై మర్యాద యనియు, మనసున నుంచుకొనుటయే నిజమైన మర్యాద యనియుఁ జెప్పుచుందురు. మొదటి వాదము శబ్దముల నెఱుఁగనివారిది. రెండవది శబ్దముల నెఱిఁగియు, అవి యెవరినుండి యెవరివైపు నడచినవో విచారింపనివారిది. కావున శబ్దముల వ్యుత్పత్తిని, ప్రయోగమును, అవి నడచిన దిక్కును వరుసగాఁ బరిశీలింపవలసియున్నది.

మొదట కృతజ్ఞశబ్దము. కృతమును, అనఁగాఁ దనకొఱకు ఒరుఁడు చేసినదానిని, ఎఱిఁగినవాఁడు కృతజ్ఞుఁడు. ఇది యుపపదసమాసము. ఆకారాంతమైన జ్ఞా ధాతువునకుఁ గర్మ ముపపదముగా నున్నపుడు కప్రత్యయము వచ్చి యీ రూపము సిద్ధించినది. ధర్మజ్ఞ, శాస్త్రజ్ఞ శబ్దములును నిట్టివే. ఇందుఁ జెప్పుట యను నర్థము లేశమును లేదు. ఎఱుఁగుట యను నర్థమే కలదు. ధర్మము నెఱుఁగుట యెట్టిదో, శాస్త్రము నెఱుఁగుట యెట్టిదో, పొందిన మేలు నెఱుఁగుటయు నట్టిదే. అది యొకనాఁటి మాట కాదు, నిలిచియుండు జ్ఞానము. రామాయణారంభమున వాల్మీకి నారదు నడిగిన గుణములలో ధర్మజ్ఞత వెంటనే కృతజ్ఞత చెప్పఁబడుట గమనింపఁదగినది.

దీనికి వ్యతిరేకముగా సాధారణముగా వాడఁబడు శబ్దము కృతఘ్న. ఇందలి ధాతువు హన్. ఎఱుఁగనివాఁడు అని చెప్పినఁ జాలియుండఁగా, భాష యంతటితోఁ దనివి నొందక చంపినవాఁడు అని చెప్పినది. బ్రహ్మఘ్న, శత్రుఘ్న శబ్దముల వరుసలో నిలుచు శబ్ద మిది. చేసిన మేలును మఱచుట హత్యతో సమానమని శబ్దరూపమే తీర్పు చెప్పుచున్నది. కిష్కింధాకాండమున వర్షాకాలము గడచినను సుగ్రీవుఁడు మాట నిలుపుకొనక భోగములలో మునిఁగియుండఁగా, లక్ష్మణుఁడు కోపించి వచ్చి చెప్పిన మాట యీ తీర్పునే విశదము చేయుచున్నది. గోహత్య, సురాపానము, దొంగతనము, వ్రతభంగము అనువానికిఁ బ్రాయశ్చిత్తము కలదఁట. కృతఘ్నునకు మాత్రము లేదఁట.

ఇదే విషయము మహాభారత శాంతిపర్వమున ఆపద్ధర్మముల చివర నొక కథగాఁ జెప్పఁబడినది. గౌతముఁ డను బ్రాహ్మణుఁడు దస్యులతోఁ గలసి బ్రదుకుచు, ధనమునకై పోవుచు, రాజధర్ముఁ డను కొంగకు అతిథి యయ్యెను. ఆ పక్షి యతని నాదరించి, తన మిత్రుఁడైన విరూపాక్షుఁ డను రాక్షసరాజు కడకుఁ బంపి బంగార మిప్పించెను. తిరిగి వచ్చిన గౌతముఁడు, దారిలోఁ దినుట కేమియు లేదని తలఁచి, తనను నమ్మి నిదురించుచున్న యా పక్షినే చంపెను. రాక్షసు లతనిఁ బట్టి చంపిరి. కాని యతని మాంసము తినుటకు రాక్షసు లొప్పుకొనలేదు, దస్యులును నొప్పుకొనలేదు. కృతఘ్నుఁడు తినుటకుఁ గూడ నర్హుఁడు కాఁడని యా కథ చెప్పుచున్నది. కథ యంతటితో ముగియలేదు. సురభి నోటి నురుగు చితిపైఁ బడి రాజధర్ముఁడు మరల బ్రదికెను. బ్రదికిన వెంటనే యతఁడు ఇంద్రునిఁ గోరిన వరము, తనను జంపిన గౌతముని బ్రదికింపుమని. ప్రాయశ్చిత్తము లేని పాపమునకు సైతము, ఆ పాపమునకు గుఱియైనవాని క్షమ యొకటి మిగిలియున్నది. కృతజ్ఞత, క్షమ అను రెండు గుణముల సంబంధ మీ యొక్క కథలోనే తెల్లమగుచున్నది.

ఎఱుఁగుటయే ప్రధానమైనచో మాట కెట్టి స్థానము కలదు? దీనికి సమాధానము రామాయణముననే కలదు. సీత జాడ తెలిసికొని వచ్చిన హనుమంతుని యుద్ధకాండారంభమున రాముఁడు ప్రశంసించి, ఈ సమయమునఁ దా నీయఁగలిగిన సర్వస్వము ఆలింగన మొక్కటియే యని కౌఁగిలించుకొనెను. ఉత్తరకాండమున వీడ్కోలు సమయమున నతఁడు చెప్పిన మాట మఱియు లోఁతైనది. నీవు చేసిన మేలు నాయందే జీర్ణించిపోవును గాక, దానికిఁ బ్రత్యుపకారము చేయు నవసరము రాకుండును గాక యని దాని భావము. ఏలయన, ప్రత్యుపకారము పొందవలసిన పాత్రత మనుష్యునకు ఆపదలయందే కలుగును. మేలు తిరిగి చేయఁగోరుట, మేలు చేసినవానికి ఆపద రావలెనని కోరుటయే యగును. కావున ఋణము తీర్పకుండ నుంచుకొనుటయే యిచ్చట మర్యాద. అయినను రాముఁడు మౌనముగా నుండలేదు. కృతజ్ఞతను మనసున నుంచుకొనెను, నోటఁ జెప్పెను, కౌఁగిటఁ జూపెను. మౌనమే భారతీయుల మర్యాద యనువారు ఈ ఘట్టములను జ్ఞప్తికిఁ దెచ్చుకొనవలెను.

ఇచ్చట ఋణ మను మాట ప్రస్తావవశమున వచ్చినది కాదు. తైత్తిరీయసంహితయందు బ్రాహ్మణుఁడు మూఁడు ఋణములతోఁ బుట్టుచున్నాఁడని చెప్పఁబడినది. ఋషులకు బ్రహ్మచర్యముచేతను, దేవతలకు యజ్ఞముచేతను, పితరులకు సంతానముచేతను అతఁడు ఋణము తీర్చుకొనవలెను. శతపథబ్రాహ్మణము నాలుగవదానిని గూడఁ జేర్చి, మనుష్యులకుఁ జెల్లింపవలసిన ఋణము కలదనియు, అతిథులకు వసతి, భోజనము నిచ్చుటచే నది తీఱుననియుఁ జెప్పినది. చదివించిన గురువునకుఁ దిరిగి చదువు చెప్పుటచేతఁ గాక, తాను మఱియొకనికిఁ జదువు చెప్పుటచేత ఋణము తీఱును. ఇచ్చినవానికే తిరిగి యిచ్చుట వర్తకము. ముందువారికడఁ బొంది వెనుకవారి కిచ్చుట సంప్రదాయము.

ఈ భావము తెలుఁగు పలుకుబడిలో నేఁటికిని సజీవముగా నున్నది. "మీ ఋణము తీర్చుకొనలేను" అనుట మేలు పొందినవాఁడు చెప్పు సామాన్యవాక్యము. "చచ్చి నీ కడుపునఁ బుట్టెదను" అనునది యింతకంటె బలవత్తరము. ఈ జన్మమునఁ దీఱని ఋణమును వచ్చు జన్మమున బిడ్డయై పుట్టి సేవచేసి తీర్చెదనని దాని తాత్పర్యము. పెద్దలైనవారు మేలు పొందినపుడు ఆశీర్వచనమే కృతజ్ఞతగాఁ బలుకుదురు. "నీ కడుపు చల్లగా", "నూఱేండ్లు చల్లగా నుండుము" అను మాటలకు నిఘంటువులలోఁ గృతజ్ఞత యను నర్థము వ్రాయఁబడకున్నను, వ్యవహారమున వాని పని యదియే.

విశ్వాసశబ్దము తెలుఁగునఁ బొందిన యర్థభేదమును నీ సందర్భమున గమనింపఁదగును. సంస్కృతమున దీనికి నమ్మకమని యర్థము. తెలుఁగున "కుక్కకున్న విశ్వాసము మనుష్యునకు లేదు" అన్నపుడు, తిన్న యన్నమును మఱవకుండుట యని యర్థము. నమ్మినవానికిఁ గల గుణము తెలుఁగున నమ్మఁబడినవానికిఁ గలుగవలసిన గుణముగా మాఱినది. తిన్నయింటి వాసములు లెక్కించుట, ఏఱు దాఁటి తెప్ప తగులఁబెట్టుట మున్నగు సామెతలన్నియు నిట్టి గుణము లేమినే నిందించుచున్నవి. ఉప్పు తిన్నవాఁడను మాటయు నిట్టిదే. ఫారసీ సంబంధముచే వచ్చిన నమక్‌హరామ్ అను తిట్టు తెలుఁగువారికి సులభముగాఁ బట్టువడుటకుఁ గారణము, ఆ భావము వారి కింతకు ముందే పరిచితమై యుండుట. యుద్ధమునఁ బ్రాణములిచ్చి భర్తృపిండము ఋణమును దీర్చుకొను భటుల మాట భారతమునఁ బలుమాఱు వినఁబడుచున్నది కదా.

ఇఁక క్షమాశబ్దము. ధాతుపాఠమున క్షమూష్ ధాతువు భ్వాదియందును, క్షమూ ధాతువు దివాదియందును జెప్పఁబడినవి. రెంటికిని సహనమే యర్థము. క్షమించుట యనఁగా నోర్చుట, మోయుట. కావుననే క్షమ యనఁగా భూమి యని యర్థాంతరము కలదు. సర్వంసహ యనునదియు భూమికే పేరు. ఉదయముననే లేచి పాదము నేలపై మోపుటకు ముందు, పాదస్పర్శను క్షమింపుమని భూదేవిని వేఁడు నాచార మీ శబ్దార్థమునకుఁ దగినదిగా నున్నది. ఎవతె తనను ద్రొక్కినవారి నందఱను మోయుచున్నదో యామెకే ప్రతిదినము మొదటి క్షమాప్రార్థన.

దీనివలన నొక ముఖ్యమైన భేద మేర్పడుచున్నది. "సారీ" యను మాట చెప్పువాని దుఃఖమును దెలుపును. "క్షమింపుము" అను మాట వినువాని యోర్పును గోరును. మొదటిది చెప్పుటతోనే ముగియును. రెండవది యెదుటివాఁ డుత్తర మిచ్చువఱకు ముగియదు. గీతయందుఁ బదునొకండవ యధ్యాయమున నర్జునుఁడు, మిత్రుఁడని తలఁచి చనవునఁ బేరు పెట్టి పిలిచినందులకును, ఆటలయందు, భోజనములయందుఁ బరిహసించినందులకును గృష్ణుని వేఁడుకొనుచు "క్షామయే" అను క్రియను వాడెను. ఇది ణిజంతము. నిన్ను క్షమింపఁజేసికొనుచున్నాను అని యర్థము. అమంతధాతువులకు ణిచ్చు పరమగునపుడు ఉపధకు హ్రస్వము విధింపఁబడియుండఁగా, ఇచ్చట దీర్ఘము నిలిచియుండుట వైయాకరణులకు విచారణీయము. అర్థవిషయమున మాత్రము సందేహము లేదు. ఆ వెంటనే తండ్రి కొడుకునకువలె, మిత్రుఁడు మిత్రునకువలె సహింపఁదగుదువని యతఁడు చెప్పునపుడు వాడిన ధాతువు సహ్. క్షమయు సహనము నొక్కటియే యని యర్జునుని ప్రార్థనయే చెప్పుచున్నది.

క్షమాపణశబ్దరూపము వేఱొక చరిత్రను దెలుపుచున్నది. ఆకారాంతధాతువులకు ణిచ్చు పరమగునపుడు పుగాగమము వచ్చి దాపయతి, స్థాపయతి ఇత్యాదిరూపములు కలుగును. క్షమ్ మకారాంతము, దానికిఁ బుగాగమప్రాప్తి లేదు. ప్రాకృతములందో, ఇట్టి రూపము ధాతువు లన్నింటికిని వ్యాపించినది. ణిచ్చునకు ఆవ, ఆవే అను నాదేశములను హేమచంద్రుఁడు తన ప్రాకృతవ్యాకరణమునఁ జెప్పియున్నాఁడు. దానినిబట్టి ఖమావేఇ యను రూపము సిద్ధించుచున్నది. కావున క్షమాపణశబ్దము ప్రాకృతమార్గమునఁ బుట్టి సంస్కృతవేషము ధరించినదని తోఁచుచున్నది. వేషము ధరించిన తరువాత నది సంస్కృతనియమమునకు లోఁబడినది. షకారనిమిత్తమున నకారమునకు ణత్వము వచ్చినది. అర్థము మాత్రము స్పష్టము: ఎదుటివానిచే క్షమింపఁజేసికొనుట. తెలుఁగునఁ గొందఱు వ్రాయు "క్షమార్పణ" యను రూప మీ యర్థమును దలక్రిందులు చేయుచున్నది. క్షమను అర్పించువాఁడు క్షమించువాఁడు గాని తప్పు చేసినవాఁడు కాఁడు. తప్పు చేసినవాఁడు దానిని వేఁడువాఁడు మాత్రమే. అక్షరదోష మల్పమే కావచ్చును. దానిచే నిచ్చువాఁడును బుచ్చుకొనువాఁడును దారుమాఱగుట యల్పదోషము కాదు. పాఠశాలలయందు ఈ భేదమును జెప్పుట యుక్తము.

ప్రాకృతసంబంధ మిచ్చటఁ గేవలము రూపసంబంధము కాదు. క్షమాపణ యొక సామూహికాచారముగా నెదిగినది జైనులయందు. పర్యూషణపర్వము చివర సంవత్సరినాఁడు శ్వేతాంబరులు ఒకరికొకరు "మిచ్ఛామి దుక్కడం" అని చెప్పుకొందురు. నేను జేసిన దుష్కృతము మిథ్య యగుఁ గాక యని దాని యర్థము. తెలిసి చేసినదానికిఁ దెలియక చేసినదానికిఁ గూడ నిది చెప్పఁబడును. మనుష్యులకే కాక సర్వజీవులకును జెప్పఁబడును. దిగంబరులకును దశలక్షణపర్వానంతరము క్షమావాణి యను దినము కలదు. కొలనుపాకవంటి జైనక్షేత్రములు గల తెలంగాణమున నీ యాచారము పరదేశపుమాట కాదు. బౌద్ధసంఘమున వర్షావాసము ముగియునపుడు ప్రవారణ యను కర్మ కలదు. తనయందుఁ గన్న, విన్న, శంకించిన దోషము లేవేని యున్నచోఁ జెప్పవలసినదని ప్రతి భిక్షువును సంఘమును బ్రార్థించును. ఈ ప్రార్థన పెద్దభిక్షువునుండి యారంభమగుట విశేషము. తండ్రిని జంపిన యజాతశత్రువు బుద్ధునియెదుటఁ దన యపరాధము నొప్పుకొనిన వృత్తాంతము దీఘనికాయమందలి సామఞ్ఞఫలసుత్తమునఁ గలదు. అపరాధము నపరాధముగాఁ జూచి యిఁక ముందు నిగ్రహించుకొనుటయే వృద్ధి యని బుద్ధుఁ డచ్చటఁ జెప్పెను. పశ్చాత్తాపమునకుఁ బ్రయోజనము గడచినదాని కేడ్చుట కాదు, ముందునకు హద్దు గీచుకొనుట.

తెలుఁగు తనకుఁ దానుగాఁ గల్పించుకొన్న మాటలు మూఁడు ప్రధానమైనవి: ఓర్చు, మన్నించు, తప్పు కాచు. మొదటిది క్షమకు సరియైన మాట. మన్నించుటకుఁ బూర్వార్థము గౌరవించుట. మన్నన యనఁగా గౌరవము. తప్పు చేసినవాఁడు గౌరవమును గోల్పోయియుండఁగా, దానిని మరల నతని కిచ్చుటయే మన్నింపు. మూఁడవది యన్నింటికంటె నందమైనది. కాచుట యనఁగా రక్షించుట. తప్పును గాచుట యనఁగా, ఆ తప్పువలన రావలసిన దండమునుండి తప్పు చేసినవానిని రక్షించుట. ఉర్దూద్వారమున వచ్చిన మాఫీ యను నరబ్బీ మాటకుఁ గూడ క్షమయే యర్థము. అయినను తెలుఁగువారు దానిని మనుష్యుల తప్పులకుఁ గాక పన్నులకును, అప్పులకును నిలిపికొనిరి. పన్ను మాఫీ, ఋణమాఫీ యను మాటలలో, మేలుకును దప్పునకును ఋణమే మూలమను పాతభావము తెలియకయే నిలిచియున్నది.

మాటలకంటెఁ జేష్టలు మఱియుఁ బ్రాచీనములు. కాలు తగిలినచో నెదుటివానిని వ్రేళ్లతోఁ దాఁకి కన్నుల కద్దుకొనుట, పుస్తకమునకుఁ గాలు తగిలినను నట్లే చేయుట, వినాయకునియెదుట గుంజిళ్లు తీయుట, దేవునియెదుటఁ జెంపలు వేసికొనుట మున్నగున వన్నియు మాటలేని క్షమాపణములే. పూజ ముగియునపుడు మంత్రమున, క్రియయందు, భక్తియందుఁ గలిగిన లోపములకును, అక్షరములు, పదములు, మాత్రలు జాఱిపోయినందులకును గూడఁ గ్షమ వేఁడుట కలదు. ఉచ్చారణదోషమునకు దేవతను క్షమాపణ వేఁడు నాచారము వ్యాకరణము వేదాంగమైన దేశమునకుఁ దగియున్నది.

ఇంతవఱకుఁ జెప్పినది గుణపక్షము. దోషపక్షమును జెప్పకున్న విచార మసమగ్రమగును. పైమాటలు లోకవ్యవహారమున నెక్కువగా నొక దిక్కుననే నడచినవి. "మీ ఋణము తీర్చుకొనలేను" అని కూలివాఁడు భూస్వామితో ననెను. పంట పండించిన కూలివానితో భూస్వామి యనుట యరుదు. విశ్వాసము సేవకుని గుణముగా లెక్కింపఁబడెనే కాని స్వామి గుణముగా లెక్కింపఁబడలేదు. ఉప్పు తిన్నవాఁడు మఱవరాదన్నారు. ఆ యుప్పును బండించినవానిని దిన్నవాఁడు తలఁచుకొనవలెనని సామెత పుట్టలేదు. తప్పు కాయుమని చిన్నవాఁడు పెద్దవాని కాళ్లపైఁ బడెను. పెద్దవాఁడు తప్పు చేసినచో మాట మార్చెను, లేదా మౌనము వహించెను. కొడుకుతోఁ దండ్రియు, భార్యతో భర్తయు, శిష్యునితో గురువును "మన్నింపుము" అనుట చిన్నతనముగా నెంచఁబడెను. మౌనమే మన మర్యాద యను వాదము బలవంతునకుఁ జాల ననుకూలమైనది.

కాని యీ దోషము భాషది కాదు, వ్యవహారముది. గ్రంథములు దీనికి విరుద్ధమైన దారిని జూపుచునే యున్నవి. వానరునకుఁ గృతజ్ఞతను జెప్పినవాఁడు రాజకుమారుఁడు. తన్నుఁ జంపినవానికిఁ బ్రాణభిక్ష వేఁడినది పక్షి. ప్రవారణ మారంభించువాఁడు వృద్ధభిక్షువు. శాకుంతలమున సప్తమాంకమున దుష్యంతుఁడు, చక్రవర్తి యయ్యును, తాను నిరాకరించిన భార్య పాదములపైఁ బడెను. కాళిదాసున కది రాజగౌరవమునకు భంగముగాఁ దోఁపలేదు. ప్రసన్నురాలవు కమ్మని వేఁడుటకు సంస్కృతమున వాడు "ప్రసీద" యను మాట, కలఁగి తేఱిన నీటికిఁ జెప్పు ప్రసన్నశబ్దముతో నేకధాతుకము. నీరు కలఁచినవాఁడు రాజైనను సేవకుఁడైనను, తేఱుటకుఁ బట్టు కాల మొక్కటియే.

ఈ దృష్టితోఁ జూచినచో నవీనశబ్దములకుఁ గల విలువ తెలియును. ధన్యవాదశబ్దమున కవయవార్థము, ఎదుటివానిని ధన్యుఁడని పలుకుట. ధనమును బొందినవాఁడను నర్థమున యత్ప్రత్యయము వచ్చి ధన్యశబ్దము సిద్ధించినది. సాధువాదమువలె నిదియు మొదటఁ బ్రశంసార్థకము. హిందీ, వంగ మున్నగు భాషలయందువలెఁ దెలుఁగునందును నాధునికకాలమునఁ గృతజ్ఞతార్థమున స్థిరపడినది. ఇచ్చినవాఁడే ధన్యుఁడని పుచ్చుకొన్నవాఁడు చెప్పుట, ఆశీర్వచనమునే కృతజ్ఞతగాఁ బలుకు పాతపద్ధతికి దూరము కాదు. "కృతజ్ఞతలు" అను బహువచనమును గొందఱు పండితు లాక్షేపింతురు. భావార్థకమైన తల్ప్రత్యయాంతమునకు బహుత్వ మెక్కడిదని వారి ప్రశ్న. వందనములు, నమస్కారములు, ఆశీస్సులు అను మాటల వరుసలో నదియుఁ జేరినదని సమాధానము చెప్పవచ్చును. సభాంతమున వందనసమర్పణ మాంగ్లసభామర్యాద ననుసరించి వచ్చినదే యైనను, దీపము వెలిగించినవానికిని, బల్ల లమర్చినవానికిని గూడ నధ్యక్షపీఠమునుండి నమస్కారము చెప్పు నవకాశమును గల్పించినది. ఇటీవలఁ గొందఱు వ్రాఁతగాండ్రు ప్రేమార్థకమైన నెనరుశబ్దమును గృతజ్ఞతార్థమున వాడుచున్నారు. అది నిలుచునో లేదో వాడుకయే నిర్ణయించును.

శబ్ద మేదైనను, పరీక్ష యొక్కటియే. అది క్రిందినుండి పైకి మాత్రమే పోవుచున్నదా, పైనుండి క్రిందికిని దిగుచున్నదా? కృతజ్ఞత యెఱుక యైనచో, ఆ యెఱుక సేవకునకెంతో స్వామికి నంతే కావలెను. క్షమాపణ యెదుటివాని యోర్పును గోరుట యైనచో, ఎవని యోర్పుపై నెక్కువ భారము మోపఁబడినదో వానినే మొదటఁ గోరవలెను. ధాతువు లీ సంగతిని మొదటినుండియుఁ జెప్పుచునే యున్నవి. జ్ఞా ధాతువునకును, క్షమ్ ధాతువునకును గర్త యెవఁడై యుండవలెనో వ్యాకరణము నియమింపలేదు.